ఇంతకీ పెళ్ళి నిజమేనా?

మా అమ్మాయి పెళ్ళికి ఎనిమిది వందల విస్తళ్ళు లేచాయి. ముసునూరులో సగం ఊరు, నూజివీడు నుంచి మా ఆయన స్నేహితులు, వియ్యాలవారి తరఫున రెండు బస్సుల జనం. ఆ రోజు పనసపొట్టు కూర ఎంత బాగా కుదిరిందో ఇప్పటికీ చెప్పుకుంటారు. సరిగ్గా జీలకర్రా బెల్లం వేళకి జనరేటరు మొరాయించిన సంగతీ చెప్పుకుంటారు. ఇంత జరిగాక, "ఈ పెళ్ళి నిజమైనదేనని రుజువు చెయ్యండి" అని కాగితం వస్తే ఎలా ఉంటుందో మీరే చెప్పండి!

కాగితం వచ్చింది అమెరికాలో అల్లుడికి. అతను అక్కడి పౌరుడు. పెళ్ళాన్ని తీసుకెళ్ళాలంటే ముందు ఐ-130 అనే దరఖాస్తు పెట్టాలి. పెళ్ళి సర్టిఫికెట్టూ, నాలుగు ఫోటోలూ జతచేసి పెట్టాడు. ఏడాది దాటాక జవాబొచ్చింది: ఇవి చాలవు, ఇంకా సాక్ష్యాలు పంపండి అని. పెళ్ళి జరిగిందని సర్టిఫికెట్టు చెబుతుంది, సరే. కలిసి బతకాలనే చేసుకున్నారా, లేక వీసా కోసం కట్టిన తాళా అన్నది వాళ్ళకి తేలాలట.

"అంటే మనది దొంగపెళ్ళి అంటున్నారా?" అని మా ఆయన భుజం మీది తువ్వాలు తీసి మంచం మీదికి విసిరికొట్టారు.

"మనల్నే కాదు నాన్నా, అందర్నీ అడుగుతారు. దొంగపెళ్ళిళ్ళ మీద 1986లో అక్కడ ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు" అని అమ్మాయి సర్దిచెప్పింది.

ఏమేం పంపచ్చో ఒక జాబితా ఉంది. ఇద్దరి పేరా ఉన్న ఆస్తి, ఇద్దరూ ఉంటున్న ఇంటి అద్దె కాగితం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, పిల్లలుంటే వాళ్ళ జనన పత్రాలు, ఎరిగినవాళ్ళ ప్రమాణ పత్రాలు. చదివితే నాకు నవ్వొచ్చింది. ఈ పిల్ల కాపరానికి వెళ్ళనివ్వండి మహాప్రభో అని అడుగుతుంటే, కాపరం చేసిన గుర్తులు తెమ్మంటారేమిటి?

మా నూజివీడు వైపు మామిడితోటలు పూత మీద అమ్మడం వాడుక. వ్యాపారి వచ్చి తోటంతా తిరిగి, పూత చూసి, ఇంత కాపు వస్తుందని బేరం కుదుర్చుకుంటాడు. ఆ తర్వాత తేనెమంచు పురుగు పట్టొచ్చు, గాలివానకి పిందెలన్నీ రాలిపోవచ్చు. అది అతని అదృష్టం. అంతేగాని పూతలో ఉన్న చెట్టు కింద నిలబడి "పండేదీ?" అని ఏ వ్యాపారీ అడగలేదు. ఈ ఆఫీసరుగారు అడిగింది అచ్చం అలాగే ఉంది.

సరే, అడిగినవాడికి ఇవ్వాలి కదా! అల్మరా మీద ఉన్న ఆల్బం దించాము. ఎత్తితే నడుం పట్టేసేంత బరువు. నాలుగు వందల ఫోటోలు. అందులో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఇద్దరే ఉన్నవి ఎన్నంటారు? తొమ్మిది! మిగతావాటిల్లో పక్కన ఎవరో ఒకరు కవరు పట్టుకుని కెమెరా కేసి చూస్తున్నవాళ్ళే. పోనీ అసలు ముహూర్తం ఫోటో పంపుదామంటే, ఇద్దరి మధ్యా తెర! జీలకర్రా బెల్లం పెట్టే చేతులు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ చేతులు ఎవరివో ఆఫీసరుకి నేను ఏ భాషలో చెప్పను?

తర్వాత జిల్లా తగాదా. అమ్మాయి పుట్టినప్పుడు మా ఊరు కృష్ణా జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డప్పుడు ఏలూరు జిల్లాలో కలిపారు. జనన పత్రంలో ఒక జిల్లా, పెళ్ళి సర్టిఫికెట్టులో ఇంకో జిల్లా. ఊరు కదల్లేదు, మేమూ కదల్లేదు, జిల్లా కదిలిందని ఒక వివరణ రాసి పెట్టింది అమ్మాయి.

ఇదంతా చూసి మా ఆయనకి ఉక్రోషం ఆగలేదు. "పెళ్ళి అయిందా లేదా అని అడిగే హక్కు ఎవరికుంది?" అన్నారు. అప్పుడు నాకు కస్తూరిబా గుర్తొచ్చింది. 1913 మార్చిలో దక్షిణాఫ్రికాలో సెర్ల్ అనే జడ్జీ, క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్ళిళ్ళు చట్టం ముందు చెల్లవని తీర్పు చెప్పాడు. అక్కడ కూడా మొదలు ఇదే తగువు: ఒకాయన తన భార్యను మన దేశం నుంచి తెచ్చుకుంటే ఆవిణ్ణి దిగనివ్వలేదు. ఒక్క కలం పోటుతో అక్కడున్న మనవాళ్ళ ఇల్లాళ్ళందరూ ఇల్లాళ్ళు కాకుండా పోయారు. చెరకుతోటల్లో కూలికి మన తెలుగువాళ్ళు కూడా వెళ్ళిన దేశం అది. అంతవరకూ సత్యాగ్రహం అంటే మగవాళ్ళ పని. ఆ తీర్పుతో ఆడవాళ్ళు కదిలారు. కస్తూరిబా ఆ సెప్టెంబరులో అరెస్టై, మూడు నెలలు కఠిన శిక్ష అనుభవించింది. 1914లో చట్టం మార్చి ఆ పెళ్ళిళ్ళను గుర్తించారు.

"చూశారా, ఆవిడ జైలుకెళ్ళి రుజువు చేసుకుంది. మనం జిరాక్సులు తీయించుకోవడానికి ఏడుస్తున్నాం" అన్నాను. మా ఆయన మాట్లాడకుండా స్కూటరు తీసి నూజివీడు వెళ్ళి జిరాక్సులు తీయించుకొచ్చారు.

ఇక వాట్సాప్ మాటలు. అవీ పంపచ్చట. అమ్మాయి ఒక పూటంతా కూర్చుని మంచి మంచివి ఏరింది. పుట్టినరోజు శుభాకాంక్షలు, పండగ శుభాకాంక్షలు, పువ్వుల బొమ్మలు. "మరి ఆ నాలుగు రోజులేవీ? అక్టోబరులో ఏమీ లేదేం?" అన్నాను. "అవి వద్దులే అమ్మా, పోట్లాడుకున్నాం" అంది. ఎందుకయ్యా అంటే, అతను అక్కడ ఇంటికి సోఫా కొన్నాడు. ఈవిడని అడక్కుండా కొన్నాడు. అందులోనూ బూడిదరంగుది!

"పిచ్చిదానా, అదే ముందు పెట్టు" అన్నాను. "పువ్వుల బొమ్మలు ఎవరికైనా పంపుతారు. ఎన్నడూ కూర్చోని సోఫా రంగు గురించి పెళ్ళాం కాకపోతే ఇంకెవరు పోట్లాడతారు?" అమ్మాయి నవ్వి, ఆ పేజీలు కూడా కలిపింది.

ఇవన్నీ సర్దుతుంటే నాకొక ఆలోచన వచ్చింది. మా పెళ్ళికి రుజువేది? 1981లో జరిగింది. పన్నెండు ఫోటోలు, అందులో మూడు చెదలు తినేశాయి. రిజిస్ట్రేషన్ లేదు. లేనంత మాత్రాన చెల్లకపోదని 1955 నాటి హిందూ వివాహ చట్టమే అంటుంది, అంచేత ధైర్యంగా ఉన్నాను. బ్యాంకులో ఎవరి ఖాతా వారిదే. నలభై ఏళ్ళు దాటినా ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. "ఇదిగో" నా పేరు. పదిమందిలో అయితే "మా ఇంట్లో" నా పేరు.

భార్యాభర్తలు ఒకరి గురించి ఒకరికి ఏం తెలుసో ఇంటర్వ్యూలో అడుగుతారని అమ్మాయి చెప్పింది కదా, నేనూ ఆఫీసరునై మా ఆయన్ని అడిగాను: "నాకిష్టమైన మామిడిపండు ఏదో చెప్పండి చూద్దాం."

ఆయన బాగా ఆలోచించారు. "టెంక" అన్నారు.

"టెంకేమిటండీ?"

"మరి, నువ్వెప్పుడూ టెంకే కదా తినేది?"

బంగినపల్లి చెక్కలన్నీ కోసి అందరి పళ్ళాల్లోనూ వేసి, చివర్న టెంక చీకడం నాకు పెళ్ళైన మర్నాటి నుంచీ అలవాటు. నా ఇష్టం చిన్నరసం. అది ఆయనకి తెలీదు. కానీ ఆయన చెప్పిన జవాబుకి ఏ ఆఫీసరైనా కళ్ళు మూసుకుని ముద్ర వేస్తాడు. ఇంత పచ్చినిజం దొంగపెళ్ళి చేసుకున్నవాడికి తోచదు.

నవ్వుతూ రాస్తున్నాను గానీ, నవ్వు రాని సంగతి ఒకటుంది. ఆఫీసరు కాగితం మీద ఒక్కసారే అడిగాడు. ఊరు రోజూ అడుగుతుంది. "అమ్మాయి ఇంకా వెళ్ళలేదా వదినా?" అన్న ప్రశ్నకి పాలకేంద్రం దగ్గర ఒక జవాబు, గుళ్ళో ఒక జవాబు. తాళి కట్టి విమానమెక్కి ఆ తర్వాత ఫోనైనా ఎత్తని పెళ్ళికొడుకుల కథలు మనం విననివా? అలా మోసపోయిన భార్యల ఫిర్యాదుల కోసమే జాతీయ మహిళా కమిషన్ 2009లో వేరే విభాగం పెట్టింది. ఎవరికీ చెప్పలేదు, రాత్రిళ్ళు నిద్రపట్టక నేనూ లెక్కలు వేసుకున్నాను. ఈ వారం ఎన్నిసార్లు ఫోను చేశాడు? సంక్రాంతికి వచ్చినవాడు పదిరోజులే ఎందుకున్నాడు? నిజంగా ఈ పిల్లని తీసుకెళ్ళాలని ఉందా, మొక్కుబడికి దరఖాస్తు పెట్టాడా? ఆఫీసరుని తిట్టుకుంటున్నాను గానీ, అంతకన్నా పెద్ద ఆఫీసరు నా లోపలే కూర్చుంది.

చివరికి నన్నూ ఒక ప్రమాణ పత్రం రాయమన్నారు. పేరు, చిరునామా, పుట్టిన తేదీ, ఊరు రాయాలి. పుట్టిన తేదీ దగ్గరే కాస్త ఆగాను. బళ్ళో మాస్టారు వేసిందే గదా నాకున్న తేదీ! ఆ తర్వాత అసలు ప్రశ్న: వీళ్ళ సంసారం గురించి మీకేం తెలుసు, ఎలా తెలుసు?

కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పక్కింటి పిన్నిగారు "నేను అప్పడాలు వడ్డించానని రాయి, చాలదూ?" అంది. అప్పడాలు పెళ్ళికి సాక్ష్యం, సంసారానికి కాదు. నాకేం తెలుసు? అప్పుడు గోడ గడియారం చూశాను.

మా ఆయన రాత్రి ఏడింటికల్లా పళ్ళెం ముందు కూర్చోవాలి. తోట నుంచి రాగానే స్నానం, భోజనం. మా పెళ్ళైనప్పటి నుంచీ మారని వేళ అది. అప్పుడు డాలస్‌లో పొద్దున్న ఎనిమిదిన్నర. అల్లుడు పనిలో కూర్చునే ముందు టిఫిన్ తినే వేళ. అమ్మాయి ఫోనుని ఆవకాయ జాడీకి ఆనించి నిలబెడుతుంది. అక్కడ అతను, ఇక్కడ ఈమె తింటారు. పెద్దగా మాట్లాడుకోను కూడా మాట్లాడుకోరు. "ఇంకాస్త వేసుకో" అంటాడు అతను, అక్కడి నుంచి వడ్డిస్తున్నట్టు. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారట. ఆ రోజు నుంచీ అతని ఎనిమిదిన్నర మాకు ఎనిమిదవుతుంది. అంతే, ముసునూరులో మా ఇంట్లో భోజనం కూడా గంట వెనక్కి జరుగుతుంది. ఎవరూ జరపమనలేదు. మా ఆయన ఆకలేస్తున్నా సణగకుండా వార్తలు చూస్తూ కూర్చుంటారు. మార్చి రెండో ఆదివారం మళ్ళీ ముందుకి. రెండేళ్ళుగా ఇదే వరస.

అదే రాశాను. "డాలస్‌లో గడియారం మారితే మా ఇంట్లో కంచాల వేళ మారుతుంది. ఇది నేను కళ్ళారా చూస్తున్నాను" అని తెలుగులో రాస్తే, అమ్మాయి ఇంగ్లీషు చేసింది. చేస్తూ చేస్తూ ముక్కు ఎగబీల్చింది, జలుబంది. రాశాక, నా లోపలి ఆఫీసరు కూడా లేచి వెళ్ళిపోయింది. ఆ కాగితాల కట్ట వాళ్ళకోసం కట్టాననుకున్నాను. నాకే కావలసి వచ్చిందన్నమాట.

ఆడపిల్లల తల్లులకి ఒక మాట. పెళ్ళై రెండేళ్ళు నిండకుండా గ్రీన్‌కార్డు వస్తే అది రెండేళ్ళకే ఇస్తారు. గడువు తీరబోయే 90 రోజుల్లో ఇద్దరూ కలిసి మళ్ళీ రుజువులు పెట్టుకోవాలి. భర్త హింసించినా, విడాకులైనా, అతని సంతకం లేకుండా భార్య ఒంటరిగా పెట్టుకునే వీలు కూడా ఉంది. ఇది పిల్ల విమానమెక్కే ముందే తెలిసి ఉండాలి. మావాళ్ళకి ఆ రెండో పరీక్ష ఉండదు. ఆలస్యం చేసి చేసి రెండేళ్ళు దాటించారు గనక! ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, ఇక్కడ ఆలస్యమే కాస్త అమృతమైంది.

కాగితాలు వెళ్ళాయి. ఇక ముంబాయి కాన్సులేటులో ఇంటర్వ్యూకి పిలుపు రావాలి. ఈలోగా మార్చి రెండో ఆదివారం ఎప్పుడొస్తుందా అని మా ఆయన క్యాలెండరు చూసుకుంటున్నారు, మళ్ళీ ఏడింటికే అన్నం దొరుకుతుందని. ఆ ఆవకాయ జాడీ మాత్రం ఖాళీ అయినా నేను బల్ల మీంచి తియ్యడం లేదు.