మన్యములో మాట దారి

నర్సీపట్నమునుండి లంబసింగి కనుమ నెక్కి, చింతపల్లి దాటి మేము గూడెం కొత్తవీధి చేరితిమి. ఇది 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని మండలకేంద్రము. త్రోవ పొడుగునను సిల్వరోకు చెట్ల నీడన కాఫీతోటలు, ఆ మ్రాకుల నల్లుకొన్న మిరియపు తీగెలు కన్నులపండువు గావించినవి. కాని మలుపు మలుపునకును ఫోనులో సిగ్నలు సన్నగిల్లి, తుదకు మాయమయ్యెను.

ఇంటికడ అత్తగారి చెంత విడిచివచ్చిన పిల్లల పలుకు వినక రాత్రి కునుకు పట్టునా? బసయందలి వైఫైయే మాకు దిక్కయ్యెను. యజమాని యొసగిన రహస్యపదమును ఫోనున వ్రాసి వాట్సాపుతో పిలిచితిమి. గదిలో మాట ముక్కలు ముక్కలుగా వినవచ్చెను. వైఫై పెట్టె యున్న వసారాలోనికి వచ్చి, బొమ్మ నాపి పలుకు మాత్రమే యుంచగా స్పష్టమయ్యెను.

ఈ విధమున మాటాడునప్పుడు మన పలుకు చిన్న తునుకలై అంతర్జాలమున పయనించును. వేళకు చేరని తునుకలను ఫోను విడిచిపెట్టుటచే మాటలు నడుమ తెగును. బొమ్మకు పలుకుకంటె పెక్కురెట్లు వెడల్పైన దారి కావలెను. సాయంకాలము బసలోని వారందరు నా యొక్క దారినే వాడుదురు గనుక తెల్లవారుజామున పిలుచుట మేలు. 2016 నుండి వాట్సాపు సంభాషణలు గుప్తీకరింపబడుచున్నందున బసవారు వినజాలరు. అయినను పరుల వైఫైలో బ్యాంకు వ్యవహారములు మానుటయే యుక్తము.

వాట్సాపు పిలుపు 108కి గాని 112కి గాని పోదని మరువరాదు. ఆపదవేళ ఇంటివారిని పిలిచి, వారిచేత 108కి చెప్పింపవలెను. ఎయిర్‌టెల్ 2019లోను, జియో 2020లోను ప్రారంభించిన వైఫై కాలింగు సదుపాయము ఫోనున నున్నచో సాధారణ నంబర్లతోడను మాటాడవచ్చును. బయలుదేరక ముందే సెట్టింగులలో దానిని తెరచియుంచవలెను. కరెంటు పోయి వైఫై పెట్టె ఆగినచో నీ దారులు రెండును మూసికొనును.

1922లో సీతారామరాజు ఈ సీమలో పోరాడిన కాలమున మిరపకాయ టపా నడచెనని జనులు నేటికిని చెప్పుకొందురు. నూరేండ్లు గడచినను, కొండకొమ్ముల గూడెములనుండి నిండుచూలాండ్రను డోలీలో మోసి రోడ్డుకు తెచ్చు సంగతులు వినవచ్చుచునే యున్నవి. అట్టివేళ అంబులెన్సును పిలుచుటకు వారికి వసారాలో వైఫై పెట్టె యేది?

సోదరీమణులారా! సిగ్నలు లేమి మనకు రెండునాళ్ళ విసుగు; ఇచటి ఆడుబిడ్డలకు ఏడాది పొడుగునా భయము. సెల్ టవర్లు యాత్రికుల తావులకంటె ముందు వారి గూడెములకు రావలెనని మా మనవి.