పిల్లలకు మిత్రభేదం చదివి వినిపించండి

ఇంట్లో 13, 14 ఏళ్ల పిల్లలున్న తల్లులకు నేను కొత్తగా చెప్పేదేముంది? ఆ వయసులో వాళ్లకు స్నేహమంటే అన్నంతో సమానం. మార్కులు తగ్గితే ఒక పూట ఏడుస్తారు, మర్నాటికి మర్చిపోతారు. స్నేహితురాలు మాట్లాడడం మానేస్తే మాత్రం నెల తిరిగినా ఆ మొహంలో కళ ఉండదు. పైగా నోరు విప్పి చెప్పరు. మనకి తెలిసేదల్లా సాయంత్రం క్యారేజీ తోమేటప్పుడే. ఇద్దరికీ కావాలని ఎక్కువ పెట్టించుకునే పులిహోర, ఇప్పుడు ఒక్కదానికి పెట్టింది కూడా సగం అలాగే వెనక్కి వస్తుంది.

అప్పుడు మనం ఏమంటాం? "పోన్లేవే, అదొక్కతేనా లోకంలో? ఇంకో స్నేహితురాలు దొరకదా?" అంటాం. లేదంటే "ముందు చదువు సంగతి చూడు, అన్నీ అవే సర్దుకుంటాయి" అంటాం. నిజం చెప్పండి, ఆ వయసులో మనతో ఎవరైనా ఇలా అంటే ఊరట కలిగిందా? ఒళ్లు మండింది, అంతే. ఈ విషయంలో నీతులు చెప్పి లాభం లేదని నా అభిప్రాయం. కథ చెప్పాలి. అదీ మన కథ కాదు, వాళ్ల కథ అంతకన్నా కాదు. ఎప్పటిదో, ఎవరిదో అయిన కథ చెప్పి మనం పక్కకి తప్పుకోవాలి.

మా అమ్మాయి సంగతి చెబుతాను. అప్పుడు తొమ్మిదో తరగతి. మూడో తరగతి నుంచీ ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితురాలు ఉంది దానికి. పేరెందుకు లెండి. సంక్రాంతి సెలవులు అయ్యాక ఇద్దరికీ మాటల్లేవు. ఏమే ఏం జరిగిందంటే "ఏం లేదు" అనేది. ఉగాదికి ఆ పిల్ల మా ఇంటికి రాకపోవడం ఆరేళ్లలో అదే మొదటిసారి. వేసవి సెలవులు వచ్చేసరికి మా పిల్ల ఫోను పట్టుకుని మంచం దిగడం మానేసింది.

ఆ సెలవుల్లోనే, రాత్రిపూట వంటిల్లు సర్దుకున్నాక, మా నాన్నగారి పుస్తకాల్లోంచి నీతిచంద్రిక తీశాను. అట్ట ఊడిపోతే మైదా జిగురుతో అంటించిన పాత ప్రతి. మీలో చాలామంది దాన్ని బళ్లో పాఠంగా చదువుకునే ఉంటారు. పరవస్తు చిన్నయసూరి మద్రాసులో తెలుగు పండితుడు, బాలవ్యాకరణం రాసింది కూడా ఆయనే. పంచతంత్రం, హితోపదేశాల కథలు తీసుకుని 1853లో తెలుగు వచనంలో ఈ పుస్తకం తెచ్చారు. మిత్రలాభం, మిత్రభేదం అని రెండు భాగాలు. అంటే స్నేహితుల్ని సంపాదించుకోవడం ఒకటి, వాళ్లని విడగొట్టడం ఒకటి. తరువాతి భాగాలైన సంధి, విగ్రహాలను కందుకూరి వీరేశలింగం గారు రాశారు. చూశారా, స్నేహం గురించి చెప్పాలనుకున్న పెద్దలు కలవడానికి ఎంత చోటిచ్చారో విడిపోవడానికీ అంత చోటిచ్చారు. మనమేమో పిల్లలకి మొదటిదే చెప్పి ఊరుకుంటాం.

కథ మొదలయ్యేదే మన ఇళ్లలో ఉండే బాధతో. పాటలీపుత్రంలో సుదర్శనుడనే రాజుకి కొడుకులు చదువుకోరు, చెప్పిన మాట వినరు. ఆ తండ్రి కూర్చుని దిగులు పడుతుంటే విష్ణుశర్మ అనే ఆయన ఆరు నెలల్లో వీళ్లని దారికి తెస్తానని కథలు మొదలుపెడతాడు. బెత్తం పట్టుకోలేదు, ట్యూషన్ పెట్టలేదు!

మాది రాజమండ్రి. మొదటి కథ గోదావరి ఒడ్డున బూరుగు చెట్టు దగ్గర మొదలవుతుంటే, పక్కింటి వాళ్ల పిల్లాడు "మన గోదావరేనా ఆంటీ?" అని దగ్గరికి జరిగాడు. వాడికి 12 ఏళ్లు. మా అమ్మాయి మాత్రం "ఇవి ఎల్‌కేజీ కథలమ్మా" అంటూ గోడకి తిరిగి పడుకుంది. వింటూనే ఉందని నాకు తెలుసు లెండి.

పావురాల కథ మీకు గుర్తుండే ఉంటుంది. వేటగాడు నూకలు చల్లి వల పన్నుతాడు. ఇలాంటి అడవిలో నూకలెక్కడివి, ఆలోచించండని పావురాల రాజు చిత్రగ్రీవుడు హెచ్చరిస్తాడు. ఒక పావురం ఆ మాట తీసిపారేస్తుంది, అన్నీ దిగుతాయి, అన్నీ చిక్కుకుంటాయి. అప్పుడందరూ ఆ పావురాన్ని తిట్టడం మొదలెడతారు. చిత్రగ్రీవుడు మాత్రం ఇది తిట్టుకునే వేళ కాదంటాడు. అందరూ ఒక్కసారిగా వలతో సహా ఎగిరి, గండకీ తీరాన ఉన్న తన నేస్తం హిరణ్యకుడనే ఎలుక దగ్గరికి వెళతారు. ఎలుక పరుగున వచ్చి ముందు రాజు కట్లు కొరకబోతే, ముందు నా వాళ్లవి కొరుకు, నావి తరువాత అంటాడు. వల అందరికీ గుర్తుంటుంది. నాకు మాత్రం ఆ తిట్టకపోవడమే గొప్పగా కనిపిస్తుంది. "నే చెప్పలేదూ!" అనకుండా ఉండడం మన పెద్దవాళ్లకే చేతకాదు కదా.

మా అమ్మాయి గోడ వైపు నుంచి ఇటు తిరిగింది ఆ తరువాతి ఘట్టంలో. ఇదంతా చెట్టు మీద నుంచి చూసిన కాకి లఘుపతనకుడు వచ్చి, నాతో స్నేహం చెయ్యమని ఎలుకని అడుగుతుంది. ఎలుక కలుగులోంచి బయటికి రాదు. నువ్వు తినేవాడివి, నేను తిండిని, మనకి స్నేహమేమిటని మొహం మీదే అంటుంది. పైగా కాకికే ఒక కథ చెబుతుంది. లేడికి తీయటి మాటలు చెప్పి పైరు మేయడానికి తీసుకెళ్లిన నక్క, తీరా లేడి వలలో పడ్డాక, ఇవాళ ఆదివారం, నరాలతో చేసిన వల పంటితో ముట్టనని వ్రతం చెప్పి తప్పించుకుంటుంది. పక్కింటి పిల్లాడు పడి పడి నవ్వాడు. మా అమ్మాయి నవ్వలేదు. "మరి చివరికి కాకితో ఎలా ఒప్పుకుందమ్మా ఎలుక?" అంది. కాకి కోపం తెచ్చుకోలేదే, అన్ని మాటలు పడ్డా అక్కడే కూర్చుందే, అన్నాను. పిల్లలకి "అందరితో స్నేహంగా ఉండండి" అని చెప్పి పంపుతాం మనం. ఎలుక అలా అనలేదు. అడగాల్సినవన్నీ అడిగాకే బయటికొచ్చింది. ఆడపిల్లల తల్లిగా నాకు ఎలుక పద్ధతే నచ్చుతుంది.

మిత్రలాభానికి రెండు వారాలు పట్టింది. తరువాత మిత్రభేదం.

ఒక వర్తకుడి ఎద్దు సంజీవకుడు కాలు విరిగితే అడవిలో వదిలేసి వెళ్లిపోతారు. పచ్చిక మేసి కోలుకుని, ఒకనాడు గట్టిగా రంకె వేస్తుంది. ఆ రంకె విని మృగరాజు పింగళకుడికి గుండె జారిపోతుంది. ఆ భయం కనిపెట్టినవాడు దమనకుడనే నక్క. వెళ్లి ఎద్దుని తీసుకొచ్చి ఇద్దరికీ స్నేహం కుదురుస్తాడు. ఆ స్నేహం ఎంత ముదురుతుందంటే, సింహం కొలువులో మిగతావాళ్లకి చోటు లేకుండా పోతుంది. నక్కలకి తిండి కూడా తగ్గుతుంది. కలిపింది నేనే, విడగొట్టేదీ నేనేనని బయలుదేరతాడు దమనకుడు.

అక్కడ నేను కొంచెం మెల్లిగా చదివాను. సింహం దగ్గరికెళ్లి, సంజీవకుడు నీ రాజ్యం మీద కన్నేశాడు, కొమ్ములు సిద్ధం చేసుకుని వస్తాడు చూడు అంటాడు. ఎద్దు దగ్గరికెళ్లి, ఏడుపు మొహం పెట్టి, రాజు నిన్ను చంపాలనుకుంటున్నాడు, చెవులు నిక్కించి తోక ఎత్తి చూస్తే అదే గుర్తు అంటాడు. భయపడ్డ ఎద్దు కొమ్ములు వంచుకునే వస్తుంది. దాన్ని చూసిన సింహం చెవులు నిక్కిస్తుంది, తోక ఎత్తుతుంది. ఇద్దరికీ చెప్పిన గుర్తులు ఇద్దరికీ కనబడ్డాయి! ఇంకేం అడగాలి? సింహం ఎద్దుని చంపేస్తుంది. తరువాత కూర్చుని కుమిలిపోతుంది.

నక్క తెలివి అబద్ధం చెప్పడంలో లేదు. అబద్ధం ఎవరైనా చెబుతారు. ఏం చూడాలో ముందే చెప్పి పంపడంలో ఉంది. మన రోజుల్లో "నిన్ను చూసి మొహం తిప్పుకుంటుంది చూడు" అనేవారు. ఇప్పటి పిల్లలకి "నీ మెసేజ్ చూస్తుంది, నీలం టిక్కులు పడతాయి, జవాబివ్వదు చూడు" అంటే చాలు. మొహం తిప్పుకున్నామె ఎండకి తిప్పుకుందేమో, జవాబివ్వని పిల్ల చేతిలోంచి వాళ్లమ్మ ఫోను లాక్కుందేమో. ఎవరడుగుతారు?

చదవడం ఆపాక గదిలో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి మా అమ్మాయి "ఇద్దరూ ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే అయిపోయేది కదమ్మా" అంది. నేను ఏమీ అనలేదు. పాలు తోడెయ్యాలని లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆ క్షణంలో "మరి నీ సంగతో?" అన్నామంటే కథ చచ్చిపోతుంది, పిల్ల మళ్లీ గోడ వైపు తిరుగుతుంది.

పిల్లాడికి మాత్రం కోపం ఆగలేదు. "నక్కకి శిక్ష లేదా ఆంటీ?" అని ఒకటే గొడవ. లేదు మరి. పైగా దుఃఖపడుతున్న సింహాన్ని ఓదార్చేది కూడా వాడే! ఈ కోపం మా పక్కింటి వాడికే కాదు, పరాయి దేశాల్లోనూ వచ్చింది. 8వ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫా అనే రచయిత ఈ కథల్ని పహ్లవీ భాష నుంచి అరబ్బీలోకి తెచ్చారు. ఆ పుస్తకం పేరు కలీలా వ దిమ్నా, అంటే మన కరటక దమనకులే. అందులో దమనకుడిపై విచారణ జరిపి శిక్ష వేసే అధ్యాయం ఒకటి ఉంది. మన సంస్కృత మూలంలో అది లేదు. సంగతి చెబితే పిల్లాడు "అదీ!" అని తొడ చరిచాడు. మా అమ్మాయి మాత్రం "మనదే నిజంలా ఉంది" అంది.

వారం రోజులయ్యాక, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని తనే చెప్పింది. వాళ్ల మధ్య మూడో అమ్మాయి ఉంది. ఆ పిల్ల వీళ్లిద్దరికీ చెరో మాటా చెప్పింది. చెరో గుర్తూ చెప్పింది. సరిగ్గా కథలో లాగే. "ఎలా తెలిసింది?" అంటే "ఫోన్ చేశానమ్మా, మెసేజ్ కాదు" అంది. మొదటిరోజు అవతల పిల్ల ఎత్తలేదట. మర్నాడు తనే చేసిందట. రంగుల పెట్టె ఇచ్చి వస్తానని వంక పెట్టి మొన్న వెళ్లింది వాళ్లింటికేనట!

అంతా మునుపటిలా అయిపోయిందని నేను చెప్పను. మాటలున్నాయి, రాకపోకలున్నాయి, క్యారేజీ ఖాళీగా వస్తోంది. అయినా ఆరు నెలల మౌనం ఎక్కడో తగులుతూనే ఉంటుంది ఇద్దరికీ. ఇక ఆ మూడో పిల్ల. మా వారు వాళ్లమ్మకి ఫోన్ చేద్దామన్నారు, నేను వద్దన్నాను. దానికి కారణం మా అమ్మాయి అన్న మాటే. "మొదట మమ్మల్ని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టింది అదేనమ్మా. తరువాత మేమిద్దరమే ఎక్కడికైనా వెళ్లేవాళ్లం" అంది. దమనకుడికి తిండి ఎందుకు తగ్గిందో దానికి అర్థమైంది. ఇప్పుడు ఆ పిల్లతో "హాయ్" వరకే ఉంది. అంతకంటే ముందుకి వెళ్లాలో వద్దో అది తేల్చుకోలేదు, నేనూ తొందరపెట్టలేదు.

మీరూ మొదలుపెట్టేట్టయితే ఒకటి రెండు మాటలు. చిన్నయసూరిది గ్రాంథికం. ఇంగ్లీషు మీడియం పిల్లలకి ఒక్క ముక్క అర్థం కాదని భయపడకండి. ఒక పేరా ఆయన వాక్యంలోనే పైకి చదవండి, ఆ నడక చెవిన పడుతుంది. తరువాత మీ మాటల్లో చెప్పండి. చివర "ఇందులో నీతి ఏమిటి?" అని మాత్రం అడక్కండి, అది బళ్లో అడుగుతారు. పంచతంత్రం, హితోపదేశాల్లో ఆడవాళ్లని తేలిక చేసే మాటలు అక్కడక్కడా తగులుతాయి. వాటిని దాటేయకుండా "ఇదేం మాట!" అని మీరే పైకి అనండి, పిల్లలు ఎంత హుషారుగా వాదిస్తారో చూడండి. మగపిల్లల్ని కూడా కూర్చోబెట్టుకోండి. స్నేహం చెడితే వాళ్లు ఏడవరు కాబట్టి బాధ లేదనుకుంటాం, అంతే.

కథ వినేటప్పుడు పిల్లల చేతికి పని ఉంటే మంచిది, మొహాలు చూసుకోనక్కర్లేకుండా మాట్లాడతారు. వేసవిలో ఎలాగూ ఆవకాయ ముక్కలు తుడిచే పని ఉంటుంది. తలో పొడిగుడ్డా ఇచ్చి, ముక్కల పళ్లెం మధ్యలో పెట్టి మొదలుపెట్టండి. మా ఇంట్లో పోయినేడు కరటకుడు, దమనకుడు కొలువులో చేరేసరికి అయిదు కేజీల కాయల ముక్కలు తుడవడం పూర్తయింది.