కొత్త గిటారుకి ఎందుకీ దెబ్బలు?

మా పక్కింటాయన పోయిన శనివారం తన కొత్త గిటారుని తాళాలగుత్తితో కొట్టాడు. ఎక్కడ ఎంత దెబ్బ తగలాలో ఒక ఫోటో ముందు పెట్టుకుని ఆచితూచి కొట్టాడు. కుడి ముంజేయి ఆనే అంచు దగ్గర గరుకు కాగితంతో రంగు గీకేసి లోపలి చెక్క బయటపెట్టాడు. తళతళలాడే మరలకి యాసిడ్ ఆవిరి పట్టించి తుప్పెక్కించాడు. పాతదానిలా కనబడాలట. ఆ రంగు కోసం ఆయన పడ్డ శ్రమంతా దగ్గరుండి చూసినవాణ్ణి కనుక నాకు ప్రాణం ఉసూరుమంది.

నేనుండేది దక్షిణ కాలిఫోర్నియాలో, కరోనా అనే ఊరి దగ్గర. ఫెండర్ గిటార్ల ఫ్యాక్టరీ ఈ ఊళ్ళోనే ఉంది. రేడియోలు రిపేరు చేసుకునే లియో ఫెండర్ 1946లో కంపెనీ పెట్టిన ఫుల్లర్టన్ కూడా ఇక్కడికి ఎంతో దూరం కాదు. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది అక్కణ్ణుంచే. మెడని బాడీకి జిగురుతో అతికించకుండా నాలుగు మరలతో బిగించడం లియో పద్ధతి. ఇళ్ళల్లో గిటార్లు విప్పి బిగించే అలవాటు ఇంతగా పాకిందంటే అది చాలావరకు ఆ నాలుగు మరల పుణ్యమే.

ఈ విషయంలో ఇక్కడివాళ్ళకి చేతులెత్తి మొక్కాలి. రిటైరైన ఇంజనీరు, పళ్ళ డాక్టరు, లారీ డ్రైవరు, ఎవరైనా సరే, బాడీ ఒకచోట, మెడ ఇంకోచోట కొనుక్కుని, పికప్పుల వైర్లు తామే సోల్డరింగు చేసుకుని, కారు షెడ్డులో కూర్చుని బిగించుకుంటారు. మనమో, గోడకి మేకు కొట్టాలన్నా వడ్రంగికి కబురు పెడతాం. బీటెక్ చదివిన పిల్లాడు సోల్డరింగు ఐరన్ పట్టుకోవడం ల్యాబ్ పరీక్షతో సరి. చదువుకున్నవాడు రంపం పడితే నామోషీ అనుకునే బుద్ధి మనకి ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ, దానివల్ల చాలా పోగొట్టుకున్నాం.

పక్కింటాయన చేసినట్టు గిటారుకి మళ్ళీ రంగు వేయడం తేలిక పని కాదు. పాత రంగు పాలియెస్టర్‌ది అయితే వదిలించడమే ఓ యజ్ఞం. హీట్ గన్‌తో వేడిచేసి కింద నుంచి బద్దతో లేపితే గుడ్డు పెంకులా పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. ఆపైన చెక్కని 220 నంబరు కాగితంతో, తర్వాత 320తో రుద్దాలి. ఆష్ చెక్కైతే సన్నని రంధ్రాలు పూడేలా ఫిల్లరు పట్టించాలి, ఆల్డర్‌కి ఆ బాధ అంతగా లేదు. సీలరు వేసి, షెడ్డు దూలానికి తీగతో వేలాడదీసి, ముక్కుకి మాస్కు బిగించుకుని, నైట్రోసెల్యులోజ్ ల్యాకర్ పల్చగా పొర మీద పొర కొట్టాలి. ఈ ల్యాకర్‌కి ఒక మంచి గుణముంది. కొత్త పొరలోని థిన్నరు కింది పొరని కాస్త కరిగిస్తుంది, చివరికి అన్నీ కలిసి ఒకే పొరవుతాయి. మన వడ్రంగులు స్పిరిట్‌లో లక్క కరిగించి గుడ్డతో పట్టించే పాలిష్‌కీ ఇదే గుణం.

ఆ తర్వాత వారాల తరబడి ఆరబెట్టాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే థిన్నరు వాసన రాకూడదు. అప్పుడు సబ్బుచుక్క కలిపిన నీళ్ళతో 1000, 1500, 2000 నంబర్ల కాగితాలు వరసగా పట్టాలి. మరల రంధ్రాల్లోకి తడి చేరిందా, చెక్క ఉబ్బి చుట్టూ రంగు పగులుతుంది. పక్కింటాయన ఆ రంధ్రాల దగ్గర నీళ్ళ చుక్క పడకుండా పసిపిల్లాణ్ణి చూసుకున్నంత జాగ్రత్తగా రుద్దాడు. పని అయ్యాక బాడీని ట్యూబ్‌లైటు కిందకి తెచ్చి వంచి చూపించాడు. ఆ లైటు గీత ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా వంకర లేకుండా కనబడింది.

ఆయన వేసింది ఫియెస్టా రెడ్, 1956 నాటి ఫోర్డ్ థండర్‌బర్డ్ కారు రంగు. ఫెండర్ వాళ్ళు ఆ రోజుల్లో కార్ల కోసం డ్యుపాంట్ చేసిన రంగులే తెచ్చి గిటార్లకి వేసేవారు. డ్యూకో ఆ డ్యుపాంట్ వాళ్ళదే. మన ఊళ్ళల్లో బీరువాల షెడ్ల ముందు డ్యూకో పెయింటింగ్ అని బోర్డులుండేవి, మీకు గుర్తుండే ఉంటుంది. కొత్త బీరువా ఇంట్లోకి దింపేటప్పుడు గడపకి తగిలి గీత పడితే రిక్షా అబ్బాయితో ఎంత గొడవ!

అలాంటి రంగుని చేతులారా పాడుచేయడానికి ఇక్కడ రెలిక్ చేయడమని పేరు. 1995లో ఫెండర్ కస్టమ్ షాప్ కొత్త గిటార్లని అరగదీసి అమ్మడం మొదలుపెట్టింది, తర్వాత చాలామంది అందుకున్నారు. ఇవాళ షాపుకి వెళ్తే, నిగనిగలాడే గిటారు కంటే పెచ్చులూడిన గిటారుకే ఎక్కువ ధర. ల్యాకర్‌ని ఉన్నట్టుండి చల్లబరిచి సన్నని పగుళ్ళు తెప్పించే పద్ధతులున్నాయి. జన్మలో సిగరెట్టు ముట్టనివాడు కూడా హెడ్‌స్టాక్ మీద సిగరెట్టు మచ్చ పెట్టించుకుంటాడు.

గిటారిస్టు రోరీ గాలఘర్ 1963లో ఐర్లాండులోని కార్క్‌లో సెకండ్ హ్యాండుకి కొన్న 1961 స్ట్రాటోకాస్టర్‌కి రంగు దాదాపు మిగల్లేదు. ఏళ్ళ తరబడి కచేరీల్లో కారిన ఆయన చెమట తినేసింది. 2024లో అది వేలానికి వచ్చి, చివరికి ఐర్లాండ్ నేషనల్ మ్యూజియానికి చేరింది. దానికి నకళ్ళు కూడా చేశారు, అవే మచ్చలతో. ఆ మచ్చలు ఆయన కష్టార్జితం. వాటిని డబ్బిచ్చి కొనుక్కోవడం నాకు మింగుడుపడదు, ఎవరేమనుకున్నా సరే.

ఇంట్లో గిటారు చేసుకోవడమంటే గిటారిస్టు బ్రయన్ మేని చూడాలి. 1963లో పదహారేళ్ళ కుర్రాడు, తండ్రితో కలిసి, పాతకాలపు చలిపొయ్యి చట్రం చెక్కతో మెడ చెక్కుకున్నాడు. ట్రెమొలోకి మోటారుసైకిలు వాల్వు స్ప్రింగులు. ఫ్రెట్‌బోర్డు మీది చుక్కలకి వాళ్ళమ్మ గుండీల డబ్బాలోని ముత్యపుచిప్ప గుండీలు. ఇంకో గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ 50 డాలర్ల బాడీకి 80 డాలర్ల మెడ తగిలించి, టేపులు అంటించి, సైకిలు రంగు కొట్టాడు. తమకి కావలసిన ధ్వని కోసం కోశారు, తొలిచారు, అతికించారు.

ఇదంతా పక్కింటాయనతో అన్నాను. "పాతదైతే మెడ చేతికి అంటుకోదు, హాయిగా జారుతుంది" అన్నాడు. అది నిజమే, మెడ వెనక ల్యాకర్ గీకితే వాయించడానికి సుఖంగా ఉంటుంది. మరి బాడీ మీద తాళాల దెబ్బలెందుకు? "దానికో చరిత్ర ఉన్నట్టుంటుంది" అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. ఫ్రెట్‌బోర్డు తడిమి, "ఇది ఇండియన్ రోజ్‌వుడ్డే. బ్రెజిల్‌ది దొరకదు కదా" అని నిట్టూర్చాడు. నాకు చుర్రుమంది. బ్రెజిల్ చెట్లని నరికి నరికి, 1992లో వాటి అంతర్జాతీయ వ్యాపారాన్నే ఆపేసేదాకా తెచ్చుకున్నారు. ఇవాళ వీళ్ళ గిటార్లని ఆదుకుంటున్నది మన దక్షిణాది జిట్టేగి. దాన్ని పట్టుకుని ఆ నిట్టూర్పేమిటి?

మన వీణల సంగతి చెప్పబోయాను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస మొద్దు తొలిచి వీణ చేస్తారన్నాను. కళ్ళు పెద్దవి చేసి విన్నాడు. మెట్ల (ఫ్రెట్ల) దగ్గరకి వచ్చేసరికి చిక్కొచ్చింది. గిటారు మెట్లు చెక్కలోకి దిగ్గొట్టిన తీగముక్కలు. వీణ మెట్లు మైనం మీద నిలబడతాయి. మైనం మీద లోహం ఎలా ఆగుతుందో ఆయనకి ఎంత చెప్పినా ఎక్కలేదు, నేనూ వదిలేశాను.

మా పిన్ని వీణకి మేళం కట్టడానికి బొబ్బిలి నుంచి ఒకాయన వచ్చేవాడు. వరండాలో చాప పరుచుకుని, పాత మైనం గీకేసి, తేనెమైనం కరిగించి నల్లపొడి కలిపి, దండి మీద పట్టించి, 24 మెట్లూ ఒక్కొక్కటే కూర్చేవాడు. పిన్ని తీగ మీటేది. ఆయన తల వంచి వినేవాడు. "ఇంకోసారి మీటండమ్మా" అని, బొటనవేలితో మెట్టుని వెంట్రుకవాసి జరిపి మళ్ళీ వినేవాడు. భోజనానికి లేవమంటే "మైనం గట్టిపడిపోద్దమ్మా" అని లేచేవాడు కాదు. కుండ మీద కుడి ముంజేయి ఆనేచోట పాలిష్ పోయి చెక్క తేలిందని పిన్ని బాధపడితే, అక్కడ మళ్ళీ పాలిష్ పట్టించాడు. కొన్నాళ్ళకి మళ్ళీ అరిగింది. ఆమె రోజూ సాధన చేసేది మరి. పక్కింటాయన గరుకు కాగితంతో గీకింది సరిగ్గా ఆ చోటే.

పిన్ని పోయాక ఆ వీణ మా తమ్ముడింట్లో అటకెక్కింది. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటివి ఉంటాయి. వాటిని షోకేసుల్లో పెట్టకండి. గొల్లపల్లిలో వీణ పని చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, చూపించి మేళం కట్టించండి, ఎవరో ఒకరి చేత వాయింపించండి. ఇక్కడ పెరిగే మన పిల్లలు ఎలక్ట్రిక్ గిటారు అడిగితే విడిభాగాల కిట్టు కొనివ్వండి. సోల్డరింగు నేర్పించండి, రంగు వాళ్ళనే వేసుకోనివ్వండి. దెబ్బలు పెట్టి అమ్మే కొత్త గిటారు మాత్రం కొనకండి.