‘రావలెను’, ‘రావలసినది’

ఆంగ్లభాషలో మీకు కష్టమైన మాటలేవి యని మా పదవ తరగతి విద్యార్థులను అడిగినచో, వారు పాఠ్యపుస్తకము తెరచి బారెడు పొడవున్న మాటలను చూపుదురు. ఆ మాటలవలన ఎవరికిని చెరుపు లేదు. తెలియనిచో నిఘంటువు చూచుకొనవచ్చును. నా యెరుకలో కష్టమంతయు ‘షుడ్’, ‘కుడ్’, ‘వుడ్’, ‘మైట్’, ‘మస్ట్’, ‘విల్’ అను బెత్తెడు మాటలయందే యున్నది. వ్యాకరణ గ్రంథములు వీనికి సహాయక్రియలని పేరిడి, సలహాకు ఇది, విమర్శకు ఇది, నిరీక్షణకు ఇది, సమ్మతికి ఇది యని పట్టికలు వేసినవి. పిల్లలు ఆ పట్టికలను వల్లించెదరు, పరీక్షలో ఖాళీలను పూరించెదరు, మార్కులును వచ్చును. కాని ఒక మనుష్యుని ముందర నిలిచి ఆంగ్లమున ఒక సలహా చెప్పవలసి వచ్చినపుడు గాని, ఒక సాయము కోరవలసి వచ్చినపుడు గాని ఆ పట్టిక అక్కరకు రాదు.

మాది హోసూరు ప్రాంతము. 1956వ సంవత్సరమున భాషలనుబట్టి రాష్ట్రములను పునర్వ్యవస్థీకరించినపుడు ఈ సీమ మదరాసు రాష్ట్రముననే నిలిచిపోయెను. 2004 నుండి కృష్ణగిరి జిల్లాలో నున్నది. ఇంటిలో తెలుగు, కచేరిలో తమిళము, సరిహద్దు దాటి బెంగుళూరు వైపు పోయినచో కన్నడము. ఈ మూడును మా పిల్లలకు వీధిలో ఆడుకొనుచునే అబ్బును. నాలుగవదైన ఆంగ్లమును మాత్రము బల్లమీద కూర్చుండి నేర్చుకొనవలసినదే. నేనా బల్లల యెదుట నిలిచి ఆంగ్లము బోధించువాడను.

కొంతకాలము క్రిందట ఒక బాలుడు సంక్రాంతినిగూర్చి వ్యాసము వ్రాయుచు, ‘మై ఫాదర్ మస్ట్ హావ్ కమ్ ఫర్ ద ఫెస్టివల్’ అని వ్రాసెను. ఎఱ్ఱసిరాతో దిద్దుటకు ముందు వానిని దగ్గరకు పిలిచితిని.

“మీ నాన్న పండుగకు వచ్చినాడా?”

“రాలేదండీ. సెలవు దొరకలేదట.”

“దానిని తెలుగులో నెట్లు చెప్పుదువు?”

“రావలసింది, రాలేదు అంటాను.”

వాని మనస్సులోనిది ‘మా నాన్న రావలసినది’ అను వాక్యము. కాగితముమీద పడినది ‘మా నాన్న వచ్చియే యుండవలెను’ అను వాక్యము. మొదటిదానిలో తండ్రి రాలేదు, కొడుకు చిన్నబుచ్చుకొన్నాడు. రెండవదానిలో తండ్రి వచ్చినాడని నిశ్చయముగ ఊహించుచున్నాడు. రాని తండ్రిని ఒక్క ‘మస్ట్’ తెచ్చి పండుగ పీటమీద కూర్చుండబెట్టినది! అచట ఉండవలసినది ‘షుడ్ హావ్ కమ్’. ఈ భేదము ఆ బాలునికి తెలియక కాదు. ఐదేండ్ల పిల్లవాడును ‘వచ్చుంటాడు’ అనవలసిన చోట ‘రావలసింది’ అనడు. తెలిసిన భేదమునకు ఆంగ్లమున ఏ మాట నిలుచునో అదొక్కటియే వానికి తెలియదు. నాటినుండి నేను పట్టికను వెనుకకు నెట్టి, ముందుగా తెలుగువాక్యమును చెప్పింప మొదలిడితిని.

అట్లని మాటకు మాట సరిపోవునని తలంపరాదు. ‘ద బస్ షుడ్ హావ్ రీచ్డ్ కృష్ణగిరి బై నౌ’ అన్నచో, బస్సు ఈపాటికి కృష్ణగిరి చేరియుండుననియు అర్థము కావచ్చును. చేరవలసినది, ఇంకను చేరలేదు అనియు కావచ్చును. నిరీక్షణకును విమర్శకును ఆంగ్లమున ఒక్కటే వేషము. సందర్భమునుబట్టియు, పలికెడు గొంతునుబట్టియు గ్రహింపవలెను. ఇచట మన తెలుగే ఎక్కువ వివరముగ నున్నది. ఈ మాట చెప్పినపుడు తరగతి యంతయు కొంచెము నిటారుగ కూర్చున్నది; నేనును చూచి చూడనట్లుంటిని.

మరియొక వింత. ‘నీరు వలయును’, ‘పోవలయును’ అని మనమందుము. ‘తణ్ణీర్ వేండుం’, ‘పోగ వేండుం’ అని తమిళులందురు. ‘నీరు బేకు’, ‘హోగబేకు’ అని కన్నడిగులందురు. ఇరుగుపొరుగు భాషలు మూడింటను కోరికను తెలుపు మాటయే విధిని తెలుపుచున్నది. ఆంగ్లమున అట్లు గాదు. ‘షుడ్’ అనునది ‘షల్’ యొక్క భూతరూపము. ఆ ‘షల్’ కు ప్రాచీనార్థము ఋణపడియుండుట. ‘ఆట్’ అనునదియు అప్పుపడుటను తెలుపు ‘ఓ’ అను క్రియకు పూర్వపు భూతరూపమే. వారి భాషలో కర్తవ్యమన్న తీర్పవలసిన బాకీ. కోరికను తెలుపు మాట వారికి ‘విల్’. అది తరువాత సమ్మతికిని భవిష్యత్తునకును పోయెను. ‘కెన్’ అనుదానికి మొదటి యర్థము ‘తెలియుట’. ఈ సంగతులు పరీక్షకు రావు. అయినను, ‘ఆట్’ అన్నచో బాకీ యని ఒకసారి విన్న విద్యార్థి దానిని ‘మైట్’ తో కలిపివేయుట నేను చూడలేదు.

ఇక మర్యాద మాట. మనకు నీవు కలదు, మీరు కలదు, తాము కలదు. క్రియాంతమున ఒక్క ‘అండి’ తగిలించినచో కఠినమైన మాటయు మెత్తబడును. ఆంగ్లమున తాతకును మనుమనికిని ఒక్కటే ‘యు’. సి.పి. బ్రౌను 1840లోను, ఆర్డెను 1873లోను ఆంగ్లేయులు తెలుగు నేర్చుటకై వ్యాకరణములు ప్రకటించిరి. ఆ పుస్తకములు పట్టిన దొరలకు నీవు, మీరు అను భేదము ఎంత చిక్కుగ నుండెనో, మన పిల్లలకు ఈ సహాయక్రియలు అంత చిక్కు. ఏలయన, మనము సర్వనామమున ఉంచిన గౌరవమును వారు చాలవరకు సహాయక్రియయందు దాచిరి. ‘కెన్ యు’ అనుటకంటె ‘కుడ్ యు’ మెత్తన. ‘విల్ యు’ అనుటకంటె ‘వుడ్ యు’ మెత్తన. రేపు జరుగవలసిన పనికి భూతకాలరూపమేల యని పిల్లలడుగుదురు. పెద్దల యెదుట ఒక అడుగు వెనుకకు వేసి నిలిచి మాటాడుదుము గదా, ఆంగ్లేయుడు కాలములో ఒక అడుగు వెనుకకు వేయుచున్నాడని చెప్పుదును.

ఈ తావున మన ఉత్తరముల భాష పిల్లలను మోసగించును. ‘మా విన్నపమును పరిశీలింపగలరు’ అని మనము వ్రాయుదుము. అందలి ‘గలరు’ శక్తిని చెప్పుట లేదు, వినయమును చెప్పుచున్నది. దానిని ఉన్నదున్నట్లు ‘యు కెన్ కన్సిడర్ అవర్ రిక్వెస్ట్’ అని మార్చినచో, అధికారికి మనమే అనుమతి యిచ్చినట్లుండును. సలహాలోను అంతే. ‘వైద్యునికి చూపించుకొన్న మంచిది’ అని అమ్మమ్మతో అనుట ఎంతయో ప్రేమగల మాట. అందులోని ‘మంచిది’ ని పట్టుకొని ‘యు హ్యాడ్ బెటర్ సీ ఎ డాక్టర్’ అన్నచో, చూపించుకొనకున్న నీకే కీడు సుమా యను బెదిరింపు తొంగిచూచును. అమ్మమ్మకు ‘షుడ్’ చాలును. ఇంకను మెత్తగ ‘మైట్’ తో చెప్పవచ్చును. ‘ఒక ముద్ద తినరాదా!’ అని ఆమె మనతో అనుదానికి మాత్రము సరియైన ఆంగ్లము నాకింతవరకు చిక్కలేదు. ‘వోంట్ యు’ కొంత దగ్గరకు వచ్చును, అంతే.

సమ్మతినిగూర్చి చెప్పినపుడు తరగతి నవ్వులతో నిండును. ‘ద డోర్ వోంట్ ఓపెన్’ అను వాక్యమును నల్లబల్లపై వ్రాసి, తలుపునకు ఇష్టాయిష్టములేమిటని అడిగితిని. వెనుకబల్ల నుండి ఒకడు, “మా సైకిలు కూడ పొద్దున కదలనన్నదండీ!” అనెను. ఇంకేమి వివరింపవలెను? ఆ పాఠము ఐదు నిమిషములలో ముగిసెను.

ఒకనాడు ఒక తండ్రి తన కుమార్తె బదిలీపత్రముకొరకు వచ్చెను. ఆయన ఇచటి యొక కర్మాగారములో పనిచేయుచున్నాడు. “అయ్యా, తెలుగులో చదివితే పిల్లకు ఇంగ్లీషు అబ్బుతుందా? మా బతుకు చూస్తున్నారు గదా” అని, చొక్కా జేబులోనుండి మడతపెట్టిన కాగితమొకటి తీసెను. కర్మాగారమువారిచ్చిన చీటి. ‘యు షుడ్ హావ్ రిపోర్టెడ్ టు ద ఆఫీస్ ఆన్ మండే’ అని యున్నది. సోమవారమునాడు కార్యాలయమునకు రమ్మని పిలిచినారనుకొని, ఆయన రాబోవు సోమవారముకొరకు నిశ్చింతగ కాచుకొనియుండెను. నేను నోరు తెరవకమునుపే ఆ బాలిక చీటి చదివి, “నాన్నా, ఇది పిలుపు కాదు. మొన్న సోమవారము రావలసింది, రాలేదేమని అడుగుతున్నారు. ఈ రోజే వెళ్లాలి” అనెను. ఆయన ముఖము పాలిపోయినది. వెంటనే సైకిలెక్కెను. మరునాడు వచ్చి, సంజాయిషీ వ్రాసి యిచ్చితిననియు, పని పోలేదనియు చెప్పెను. బదిలీపత్రము మాట మరల ఎత్తలేదు.

అయినను మరుసటి యేట తన చిన్న కుమారుని ఆంగ్లమాధ్యమ పాఠశాలలోనే చేర్చెను. ఇది చెప్పక దాచుట న్యాయము గాదు. ఆయనను నేను తప్పుపట్టను. జేబులోని చీటి చదువలేకపోవుట యెట్టిదో ఆయనకు తెలిసినట్లు నాకు తెలియదు. ఆయనతో నేననినది ఒక్కటే: ఆ చీటిని చదివి చెప్పినది ‘రావలసినది’ అను మాట తెలిసిన పిల్ల.

ఆ బాలిక యిప్పుడు పదవ తరగతి. మన రాజ్యాంగమున భాషాల్పసంఖ్యాకులనుగూర్చిన అధికరణములను సాంఘికశాస్త్రపు ఉపాధ్యాయుడు చెప్పగా విని, ఆంగ్లమూలము కావలెనని నన్నడిగెను. 1956లో ఏడవ సవరణవలన చేర్చబడిన 350ఎ అధికరణమది. ప్రాథమికదశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యములు కల్పించుటకై ప్రతి రాష్ట్రమును ప్రయత్నము చేయవలెనని అందున్నది. అందలి క్రియ ‘షల్’. అయితే ఆ ‘షల్’ దేనికి తగిలినదో చూడుడు: ప్రయత్నమునకు తగిలినది, ఫలమునకు గాదు. ఆ వెనువెంటనే, రాష్ట్రపతి అవసరమని తోచినచో ఆదేశములీయవచ్చునన్న చోట ‘మే’ వచ్చును. అటుపిమ్మట 350బి లో, భాషాల్పసంఖ్యాకుల కొరకు ఒక ప్రత్యేకాధికారి ఉండవలెనన్నచోట మరల ‘షల్’. ఈసారి ప్రయత్నమను మాట అడ్డము లేదు. మూడు చిన్న మాటలలో మన పాలు ఎంతయో తేలిపోయినది. మాది ఉన్నత పాఠశాల గనుక మొదటి ‘షల్’ మా తరగతులదాక రాదుకూడ. ఆ బాలిక ఇది విని చాలసేపు మాటాడలేదు.

ఈ యేడు మా తెలుగు పాఠ్యపుస్తకములు కొన్ని సకాలమునకు అందలేదు. ప్రధానోపాధ్యాయులు పై కార్యాలయమునకు తమిళమున ఉత్తరము వ్రాసి, దానితోపాటు విద్యార్థుల ఆంగ్లవిన్నపమొకటి జతచేయుటకు అంగీకరించిరి. తరగతిలో నేను వినినన్ని ముసాయిదాలు ఎన్నడును వినలేదు. ఒకడు ‘యు కెన్ సెండ్ ద బుక్స్’ అనెను, ‘పంపగలరు’ అన్నమాట. వేరొకడు ‘యు షుడ్ హావ్ సెంట్ ద బుక్స్ ఇన్ జూన్’ అనెను. అది వ్యాకరణమునకు ఒప్పును, నిజమునకును ఒప్పును. కాని చదువు గుమాస్తా ఎవరో మనకు తెలియదు, పుస్తకములు ఆపినది ఆయనయే కాకపోవచ్చును. కడకు పుస్తకములనే కర్తగా నిలిపి, ‘ద బుక్స్ షుడ్ హావ్ రీచ్డ్ అస్ ఇన్ జూన్’ అని వ్రాసితిమి. తప్పు జరిగినదని చెప్పినట్లును ఉన్నది, ఎవరిమీదను వ్రేలు చూపినట్లు లేదు. దాని క్రింద, త్రైమాసిక పరీక్షలకు ముందుగ పంపినచో కృతజ్ఞులమై యుందుమని ‘వుడ్’, ‘కుడ్’ లతో రెండవ వాక్యము.

ఆ బాలిక లేచి, “మనకు రావలసిన పుస్తకములు ఇచ్చుటకు కృతజ్ఞత యెందుకండీ?” అని అడిగెను.

మర్యాద యడుగువానికి అలంకారమనియు, మొదటి వాక్యమున ‘షుడ్ హావ్’ గట్టిగనే యున్నదనియు చెప్పితిని. ఆమెకు తృప్తి కలుగలేదు. ఆమె మాటలో న్యాయము లేకపోలేదు. అయినను ఉత్తరము అట్లే పోయెను.

మూడు వారములలో గణితము, సామాన్యశాస్త్రము వచ్చినవి. సాంఘికశాస్త్రము ఇంకను రాలేదు. రెండవ విన్నపమును ఆ బాలికయే వ్రాసి తెచ్చెను. అందు ‘వుడ్’ లేదు, ‘కుడ్’ లేదు. ఒక్క ‘మస్ట్’ ఉన్నది. నేను దిద్దలేదు. అది ఇప్పుడు ప్రధానోపాధ్యాయుల బల్లమీద సంతకమునకై యున్నది.