ఇచ్చిన పాట

కళాజీవులకు పరస్పరాసూయ సహజమని లోకము తలచుచున్నది. ఆ మాటకు మేము సమ్మతింపము. 1972లో ఇంగ్లండున తళుకుదుస్తుల 'గ్లామ్ రాక్' సంగీతము ప్రబలుచుండెను. మాట్ ది హూపుల్ అను బృందము 4 ఆల్బములు వెలువరించియు, అమ్మకములు చాలక విడిపోవ నుద్యుక్తమయ్యెను. అది విని డేవిడ్ బోవీ అను గాయకుడు తాను రచించిన 'ఆల్ ది యంగ్ డ్యూడ్స్' పాటను వారి కిచ్చి, తానే దగ్గఱనుండి రికార్డు చేయించెను. అది బ్రిటనులో అమ్మకముల పట్టికయందు 3వ స్థానమున కెక్కినది. ఆ వేసవిలోనే బోవీ స్వయముగా పాడిన 'స్టార్‌మాన్' 10వ స్థానమును మించలేదు. వర్తకుని లెక్కలో ఇది నష్టమే. కాని చెదరనున్న బృందము నిలిచినది. దాతకును కీర్తి తఱుగలేదు. విద్యను దాచుటయే దానిని కాచుటయని మనలో నమ్మువారు ఈ లెక్కను గూడ నొకసారి వేసి చూతురు గాక.