చూరులో గ్లాసు

దేవుని కృపవలన 2023 జూలైలో మా అమ్మాయిని, అల్లుణ్ణి చూడటానికి అమెరికా వెళ్ళాను. వాళ్ళుండేది వాషింగ్టన్ నగరాన్ని ఆనుకొని ఉన్న మేరీలాండ్ రాష్ట్రంలో. ఒక శనివారం అమ్మాయి వచ్చి, "అమ్మా, మా ఆఫీసులో ఒకావిడ మనల్ని సాయంత్రం భోజనానికి పిలిచింది. వాళ్ళది ఇథియోపియా" అంది. ఆ పేరు వినగానే అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో రథం మీద కూర్చొని యెషయా గ్రంథం చదువుకొంటున్న ఆ అధికారి నాకు గుర్తుకొచ్చాడు.

హోటల్ లోపల ఖాళీ ఉన్నా, బయట చెట్టు కింద వేసిన బల్ల దగ్గరకే తీసుకువెళ్ళారు. వేసవిలో అక్కడ రాత్రి ఎనిమిదిన్నర వరకు వెలుగుంటుంది. చలికాలమంతా తలుపులు వేసుకొని ఉండేవాళ్ళు గనుక, ఆ కొద్ది నెలలు ఆరుబయట తినడం వాళ్ళకెంతో ఇష్టమట. నాకు మాత్రం హోటల్ బయట అనేసరికి మనసులో పాత ముల్లు కదిలింది.

1960లలో మా ఊరి టీ హోటల్‌లో మా నాన్నకు లోపల చోటు లేదు. అంటరానితనాన్ని శిక్షించే చట్టం 1955లోనే వచ్చింది గాని, మా ఊరిదాకా రాలేదు. చూరులో దోపిన గ్లాసు నాన్నే తీసుకొని, కడిగి పట్టుకుంటే, తగలకుండా పైనుంచి టీ పోసేవారు. తాగి, మళ్ళీ కడిగి, చూరులో పెట్టి రావాలి. నేను చెయ్యి పట్టుకొని పక్కనే నిలబడి చూసేదాన్ని.

ఆ సాయంత్రం మా నలుగురికీ కలిపి ఒకే పెద్ద పళ్ళెం తెచ్చారు. పళ్ళెం నిండా ఇంజెరా అనే అట్టు పరిచి ఉంది. మన రాగులకంటే సన్నని టెఫ్ అనే గింజల పిండిని కొన్ని రోజులు పులియబెట్టి, ఒకవైపే కాలుస్తారట. దానిమీద కారంగా వండిన మసూరు పప్పు, ఆకుకూర, గుడ్డు వేసిన కోడికూర కుప్పలుగా పెట్టారు. చెంచాలు లేవు. చేతులు కడుక్కొని, ప్రార్థన చేసుకొని, అందరం అదే పళ్ళెంలో చేతులు పెట్టాం. ఎంగిలి కదా అని నా చెయ్యి కాస్త వెనుకాడింది.

ఆవిడ అది గమనించిందో లేదో గాని, అట్టుముక్కలో కూర చుట్టి నా నోటికి అందించింది. "దీన్ని గుర్షా అంటారమ్మా. ప్రేమకు, గౌరవానికి గుర్తు. వద్దంటే నొచ్చుకుంటారు" అంది అమ్మాయి. నోరు తెరిచాను. మా అమ్మ పోయాక నాకు ముద్ద పెట్టినవాళ్ళు లేరు. నా కళ్ళలో నీళ్ళు చూచి, కారం తగిలిందనుకొని ఆవిడ మంచినీళ్ళిచ్చింది.

ఆ గ్లాసు పట్టుకోగానే మా ఇల్లు జ్ఞాపకం వచ్చింది. మా పెరట్లో పనికి వచ్చే ముసలామెకు పదిహేనేళ్ళుగా టీ ఇస్తున్నాను. ఆమె గ్లాసు వేరు. అది పెరటి గోడమీద బోర్లించి ఉంటుంది. శుభ్రత కోసమేలే అని ఇన్నాళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మా నాన్న గ్లాసు చూరులో, ఈమె గ్లాసు గోడమీద. అంతే తేడా! అంతియొకయలో అన్యజనులతో కలిసి భోజనం చేస్తున్న పేతురు, కొందరు రాగానే వెనుకకు తగ్గిన సంగతి గలతీ పత్రిక 2వ అధ్యాయంలో ఉంది. ఆదివారపు బడి పిల్లలకు అది ఎన్నిసార్లు బోధించానో!

ఇంటికి వచ్చిన మర్నాడే ఆమెను వంటింట్లోకి పిలిచి పీట వేశాను. "వద్దులే టీచరమ్మా, నాకిక్కడే బాగుంది" అని గడప దాటలేదు. పదిహేనేళ్ళు నేను నేర్పిన పాఠం ఒక్క పిలుపుతో పోతుందా? మా ఇంటి గ్లాసులు రెండు తీసుకొని నేనే పెరట్లోకి వెళ్ళి, ఆమె పక్కన గట్టుమీద కూర్చున్నాను. ఇద్దరం టీ తాగాం. కడిగేటప్పుడు ఏ గ్లాసు ఎవరిదో తెలియలేదు. ఇప్పుడు వాన పడుతుంటే మాత్రం లోపలికి వచ్చి కూర్చుంటోంది.

ప్రియ సహోదరీ, మీ పెరటి గోడ కూడా ఒకసారి చూచుకోండి.