తొమ్మిదో వచనం ఒక్కటే చదివాను

డాలస్ దగ్గర ఒక అమెరికన్ చర్చి వాళ్ళ హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగు సహవాసం కూడుకుంటుంది. అందులో టీనేజి ఆడపిల్లల క్లాసు చాలా ఏళ్ళు నేనే చెప్పాను. గుంటూరు వైపు పల్లెలో పాస్టరమ్మగారి దగ్గర వాక్యం నేర్చుకున్నదాన్ని, చెప్పడానికి జంకు లేదు. జంకంతా ఈ దేశమంటేనే. నేనూ మావారూ ఉద్యోగాల నుంచి ఇల్లు చేరేసరికి మా అమ్మాయి టీవీ ముందు కూర్చుని ఉండేది. ఆ టీవీ దానికేం నేర్పుతోందో నాకు అంతుపట్టేది కాదు.

అలాంటప్పుడు దొరికింది మైలీ సైరస్. 2006లో డిస్నీ చానల్లో ఆ పిల్ల నటించిన ‘హన్నా మోంటానా’ సీరియల్ మొదలైనప్పుడు తనకి 13 ఏళ్ళు. టెనెసీ పిల్ల, బాప్తిస్మం తీసుకున్న పిల్ల. ఇంటర్వ్యూల్లో దేవుడి మాట ఎత్తుతుంది. వేలికి ప్యూరిటీ రింగు! పెళ్ళయ్యేవరకు పవిత్రంగా ఉంటామని మాట ఇచ్చిన పిల్లలు పెట్టుకునే ఉంగరం అది. 1993లో సదరన్ బాప్టిస్టులు ‘ట్రూ లవ్ వెయిట్స్’ పేరుతో పిల్లల చేత ప్రతిజ్ఞ కార్డుల మీద సంతకాలు పెట్టించడం మొదలుపెట్టాక ఆ ఒరవడి అమెరికా సంఘాలంతటా పాకింది. అదే డిస్నీలో పాడే జోనస్ బ్రదర్స్ కూడా పాస్టరుగారి అబ్బాయిలే, వాళ్ళకీ ఉంగరాలే.

నా ప్రాణం కుదుటపడింది. బ్యాగు, లంచ్ బాక్సు, దుప్పటి, అన్నిటి మీదా మైలీ బొమ్మే కొనిచ్చాను. క్లాసులో బైబిల్లోని రూతు, ఎస్తేరుల పక్కన ఆ పిల్లని కూర్చోబెట్టాను. “అంత పెద్ద స్టార్ అయ్యుండి ఎలా ఉందో చూడండి” అనేదాన్ని. ఒంటి గురించి, మగపిల్లల గురించి, సిగ్గు గురించి నా బిడ్డతో నేను మాట్లాడాల్సిన మాటలన్నీ ఒక టీవీ పిల్ల మీద వదిలేశాను. మా అమ్మ నాతో ఆ మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. నాకూ రావు. ఉంగరం ఉంటే చాల్లే అనుకున్నాను.

2008 ఏప్రిల్ చివర్లో ‘వానిటీ ఫెయిర్’ పత్రిక ఫోటోలు బయటికొచ్చాయి. తీసింది ఆనీ లీబొవిట్జ్, ప్రపంచమంతా పేరున్న ఫోటోగ్రాఫరు. దుప్పటి చుట్టుకుని, వీపు కనబడేలా కూర్చున్న మైలీ. అప్పటికి 15 ఏళ్ళు. సిగ్గుపడుతున్నానని, అభిమానులు క్షమించాలని ఆ పిల్ల ప్రకటన ఇచ్చింది. నేను క్షమించలేదు. ఆ ఆదివారం క్లాసంతా దాని మీదే. లోకంలో పడిపోయినవాళ్ళ బొమ్మలు విశ్వాసుల ఇళ్ళలో ఉండకూడదన్నాను. ఇంటికొచ్చి లంచ్ బాక్సు చెత్తబుట్టలో పడేశాను. మా అమ్మాయి ఏడుస్తుంటే అది పశ్చాత్తాపమనుకున్నాను.

ఆ రోజు క్లాసులో ఒక పిల్ల చెయ్యెత్తింది. “ఆంటీ, ఆ ఫోటో తీసేటప్పుడు వాళ్ళ మమ్మీ డాడీ ఎక్కడున్నారు?”

“పెద్దవాళ్ళ సంగతి మనకెందుకమ్మా” అన్నాను.

అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. తల్లిదండ్రులో, ఇతర బాధ్యులో రోజంతా అక్కడే ఉన్నారని పత్రిక చెప్పుకుంది. పత్రికలు అమ్ముకోవడానికి 15 ఏళ్ళ పిల్లని కావాలని వాడుకున్నారని డిస్నీ మండిపడింది. అదే పిల్ల మొహాన్ని లంచ్ బాక్సుల మీద అచ్చేసి అమ్మిన డిస్నీ! ఇంతమంది పెద్దవాళ్ళుంటే నేను నిలదీసింది ఒక్క ఆ పిల్లనే.

తర్వాతి వేసవిలో, ఎండ మండిపోతుంటే, ఆ ప్రశ్న అడిగిన పిల్లే స్లీవ్‌లెస్ గౌను వేసుకుని ఆరాధనకి వచ్చింది. అందరూ చూస్తుండగా నా శాలువా తీసి దాని భుజాల మీద కప్పాను, ప్రేమతోనే చేస్తున్నాననుకుని. ఒకటి రెండు వారాల్లో ఆ పిల్ల రావడం మానేసింది. “చదువు ఒత్తిడండీ” అంది వాళ్ళమ్మ, నా మొహం చూడకుండా.

ఆ రోజు నా ఒంటి మీద ధర్మవరం పట్టుచీర, మెడలో రెండు పేటల గొలుసు. అపొస్తలుడైన పౌలు ఎఫెసులో ఉన్న తిమోతికి రాసిన మొదటి పత్రిక రెండో అధ్యాయం, తొమ్మిదో వచనం ఆ పిల్లలకి నేనే కంఠతా పట్టించాను. అందులో పౌలు వద్దన్నవి ఏమిటి? జడల సింగారం, బంగారం, ముత్యాలు, బాగా ఖరీదైన బట్టలు. అన్నీ డబ్బున్నవాళ్ళ ఆర్భాటాలే. చేతుల్లేని గౌను ఆ జాబితాలో లేదు. నా గొలుసు ఉంది. అలాగని బట్టల సంగతి అసలు పట్టించుకోనక్కర్లేదని నేననను. ప్రార్థనలో ఇప్పటికీ ముసుగు వేసుకుంటాను, పిల్లలు పద్ధతిగా తయారైతే సంతోషిస్తాను. కానీ ఆ వచనాన్ని నాకు తగలకుండా పక్కకి తిప్పి పిల్లల మీదికి విసిరాను.

2013లో ఎంటీవీ అవార్డుల వేదిక మీద మైలీ ఆట చూసి మా వాట్సాప్ గ్రూపు కోపంతో ఊగిపోయింది. పక్కన పాడినవాడు రాబిన్ థిక్, 36 ఏళ్ళ పెళ్ళయిన మనిషి, నిండా సూటు. అతణ్ణి ఒక్కరూ ఒక్క మాట అనలేదు. జోనస్ అబ్బాయిల ఉంగరాలు కూడా తర్వాత్తర్వాత మాయమయ్యాయి. దాని మీద నేను క్లాసు చెప్పలేదు. 2018 చివర్లో వాళ్ళలో చిన్నవాడు నిక్ జోధ్‌పూర్ ప్యాలెస్‌లో ప్రియాంకా చోప్రాని చేసుకుంటే, 75 అడుగుల మేలిముసుగు ఫోటోలు చూసి మా ఆడవాళ్ళమంతా మురిసిపోయాం. మిగుల వెలగల వస్త్రాల సంగతి అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ ఏడాదే ఏప్రిల్లో, పాత ఫోటో వివాదానికి సరిగ్గా పదేళ్ళకి, అప్పుడు చెప్పిన క్షమాపణని వెనక్కి తీసుకుంటున్నట్టు మైలీ ట్వీట్ చేసింది. కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయితో చూశావా అన్నాను. అది నవ్వలేదు. “మమ్మీ, ఆ రోజు నువ్వు తిట్టింది దాన్ని కాదు. రేపు నేను తప్పు చేస్తే నాకేం జరుగుతుందో చూపించావు. అందుకే ఆ తర్వాత నీకేం చెప్పలేదు.” ఏం చెప్పలేదో అడిగాను. కొన్ని చెప్పింది. వినడం నాకు చేతకాలేదు, మధ్యలో సలహాలిచ్చాను. అయినా మళ్ళీ చెప్పింది, కొంచెం కొంచెంగా.

శాలువా కప్పిన పిల్లకి క్షమించమని మెసేజ్ పెట్టాను. “ఇట్స్ ఓకే ఆంటీ” అని జవాబిచ్చింది. ఒకసారి ఇంటికి భోజనానికి రమ్మంటే దానికి జవాబు లేదు.

ఇప్పుడు క్లాసు వేరే సిస్టర్ చూస్తోంది. అప్పుడప్పుడు నన్ను పిలిస్తే తొమ్మిదో వచనం ముందు ఎనిమిదో వచనం చదివిస్తాను. కోపమూ వాదనలూ లేకుండా చేతులెత్తి ప్రార్థించమని మగవాళ్ళకి చెప్పిన మాట అది. సహవాసంలో మగపిల్లల క్లాసు చెప్పే బ్రదర్‌గారితో, దీని మీదా ఒక పాఠం పెట్టండి, ఆడపిల్లల్ని టీవీలో, ఫోన్లో ఎలా చూడాలో కూడా అందులో చెప్పండి అన్నాను. “మంచి ఆలోచన సిస్టర్, చూద్దాం” అన్నారు. కిందటి క్రిస్మస్‌కి మళ్ళీ గుర్తుచేశాను. చూద్దామనే అన్నారు.